అభ్యర్థి గడప, పత్రికల కావలి



ఓట్లడుగ వచ్చినవాని పడకగది సంగతులను పత్రికలవారు వెదకవచ్చునా? ఈ ప్రశ్నమీద అమెరికా పత్రికారచయిత మాట్ బై 2014లో ఒక గ్రంథము ప్రకటించెను. దాని ఆధారముగా 2018లో ‘ది ఫ్రంట్ రన్నర్’ అను చలనచిత్రము వచ్చెను. గ్రంథము చదువదగినదే గాని, దాని తీర్పు నాకు పూర్తిగా సమ్మతము కాదు.

సంగతి యిది. 1987లో గారీ హార్ట్ అను మాజీ సెనేటరు, డెమొక్రాటిక్ పార్టీ తరపున అధ్యక్ష పదవి కోరువారిలో ముందుండెను. మే నెల మొదట మయామి హెరాల్డ్ విలేఖరులు వాషింగ్టనులోని ఆయన యింటియెదుట కావలియుండి, ఒక యువతి రాకపోకలను కనిపెట్టి, 3వ తేదీన అచ్చువేసిరి. అయితే వెనుక వాకిలిని వారు ఎడతెగక కాయలేదు. మా మధ్య తప్పేమియు లేదని ఆయనయు ఆమెయు చెప్పిరి. 6వ తేదీన ఒక విలేఖరి, మీరెన్నడైన వ్యభిచరించితిరా అని పదిమందిలో అడిగెను. 8వ తేదీన ఆయన పోటీనుండి తొలగెను. డిసెంబరులో మరల నిలిచెను గాని నిలదొక్కుకొనలేదు.

ఆ వారముతో రాజకీయములు పుకార్ల పాలయ్యెనని బై దుఃఖించుచున్నాడు. ఆ దుఃఖము న్యాయమే. ఆయన భార్య కొలరాడోలోని యింటిలో కెమెరాల నడుమ చిక్కుకొనెను. ఆ యువతి పేరు లోకమునకు ఏండ్ల తరబడి నవ్వులాట ఆయెను. తరువాత ఆమె, పిల్లలను ఇంటర్నెట్ అశ్లీలతనుండి కాపాడు పనికి పూనుకొనెను.

అయినను పూర్వపు పత్రికల మౌనము పుణ్యము కాదు. అది గొప్పవారిని కాచెను గాని, వారిచేత గాయపడినవారిని కాచలేదు. బ్రిటను మంత్రి ప్రొఫ్యూమో 1963లో రాజీనామా చేసినది పార్లమెంటులో అబద్ధమాడినందుకు. అది ప్రజల సంగతియే. తరువాత ఆయన లండనులోని బీదల నడుమ అనేక సంవత్సరములు సేవచేసెను, అదియు మరువరాదు.

నాతాను దావీదు పాపమును కప్పిపుచ్చలేదు. రాజాధికారము ఊరియా ప్రాణము తీసెను గనుక అది రాజ్యపు సంగతి ఆయెను. అయితే ప్రవక్త చాటున పొంచియుండలేదు. రాజు ముఖమెదుటనే నిలిచెను. ఈ భేదమును బై గ్రంథము తగినంత తూచలేదు.

మన సంఘములలో పెద్దను ఎన్నుకొనునప్పుడును చెవిలో ఊదుమాటలు వచ్చును. అప్పుడు మూడు సంగతులు విచారింపుడి: ఎవరికైన అన్యాయము జరిగెనా? అధికారమును అందుకు వాడెనా? ప్రజలతో అబద్ధమాడెనా? ఒక్కటైన అవునని తోచినయెడల, ఎదుటనే అడుగుడి. ఏదియు లేనియెడల, ఆ గడప దాటకుడి.