వడ్డించు చేయి

భోజనము సూరతులో, మరణము కాశిలో అని గుజరాతీలో ఒక లోకోక్తి కలదు. సూరతు వారు దీనిని కొంత అతిశయముతోనే చెప్పుకొందురు. వారి ఘారీ, ఉంధియు రుచి చూచినవారు ఆ అతిశయమును క్షమింతురు. కాని సాహిత్యవిమర్శకు ఎక్కువ అక్కరకు వచ్చునది అదే భాషలోని మరియొక సామెత: అమ్మమ్మగారి ఇంట విందు, అందులో వడ్డించునది కన్నతల్లి. ఇక లోటేమి యని తాత్పర్యము. ఈ తాత్పర్యమునకే తెలుగువాడు ‘వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఒకటే’ అనును. రెండును పక్షపాతమును గూర్చినవే. అయినను గుజరాతీ సామెత గరిటెను తల్లి చేతికిచ్చినది. తెలుగు సామెత ఎవరో ఒక ‘మనవాని’ చేతికిచ్చి ఊరకుండినది.

తల్లిని గూర్చి తెలుగు సామెతలు మరియు కఠినముగా నుండును. అడగనిదే అమ్మైనా పెట్టదట. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదట. వీనిని విని తెలుగు ఇండ్లలో వాత్సల్యము కొరవడినదని తలచుట పొరపాటు. ఇవి కుండలోని గింజ లెక్క తెలిసిన ఇండ్లలో పుట్టిన మాటలు. వడ్డించు చేతికి కుండ అడుగు ఎంత దూరమున్నదో తెలిసియుండవలెను. తినువానికి అది తెలియకూడదు. తలిదండ్రులకును బిడ్డలకును నడుమ భోజనమును గూర్చి మన భాషలలో వచ్చిన మంచి రచనలన్నియు ఈ తెలిసియుండుటకును తెలియకుండుటకును మధ్యనే నడచినవి. ఈ లెక్కను మరచిన రచన ‘అమ్మ చేతి ముద్ద’ అను స్తుతిగా మిగిలిపోవును. అట్టి స్తుతులు మనకు కొల్లలు.

పోతన భాగవతము దశమస్కంధమున ఉలూఖల బంధన ఘట్టమును స్మరింపుడు. యశోద పెరుగు చిలుకుచుండగా బాలుడు వచ్చి పాలడుగును. ఆమె ఒడిలోనికి తీసికొనును. అంతలో పొయ్యిమీది పాలు పొంగును. ఆమె బిడ్డను దించి పాలకై పరుగెత్తును. బిడ్డకు కోపము వచ్చును, కుండ పగులును, వెన్న దొంగిలింపబడును, రోటికి కట్టు తప్పదు. పౌరాణికులు భక్తుని త్రాటికి భగవంతుడు చిక్కినాడని వ్యాఖ్యానింతురు. ఆ వ్యాఖ్యానము యోగ్యమే, కాని కథ కదలినది వంటయింటిలో. ఒడిలోని బిడ్డయా, పొంగుచున్న పాలా? క్షణకాలము యశోద పాలనే ఎంచుకొన్నది. ఆ పాలును ఆ బిడ్డకొరకే గదా! దేవుని పెంచుచున్న ఇంటగూడ పాలు ఒలికినచో నష్టమే యను గృహిణి తెలివి ఇందులో నిలిచియున్నది. హిందీలో సూరదాసు యశోద వేరొక ఉపాయము పన్నును. పాలు త్రాగినచో జుట్టు పెరుగునని ఆశపెట్టును. పిల్లవాడు త్రాగి త్రాగి, పెరుగలేదేమని నిలదీయును. తల్లి బొంకును బిడ్డ పరీక్షకు పెట్టినాడు. భోజనము వేళ తలిదండ్రులు చెప్పు బొంకులకు మన సాహిత్యమున ఇది మొదటి పాఠము కాకపోయినను మిక్కిలి మధురమైనది.

గాంధీజీ ఆత్మకథ 1925 నుండి నవజీవన్ పత్రికలో గుజరాతీలో ప్రకటింపబడినది. దానిని నీతిగ్రంథముగా చదువుట అలవాటైపోయినందున అందలి వంటయింటి దృశ్యములు మరుగున పడినవి. చాతుర్మాస్యములో ఒకయేడు ఆయన తల్లి పుత్లీబాయి సూర్యుని చూడనిదే భుజింపనని వ్రతము పట్టినది. వానకాలము. పిల్లలు ఆకాశము వంక చూచుచు నిలిచియుందురు. సూర్యుడు తొంగిచూడగానే కేకవేయుదురు. ఆమె వెలుపలికి వచ్చులోపల మబ్బు కమ్మును. ఈ దినము తన భోజనము దేవునికి ఇష్టము లేదు కాబోలునని ఆమె నవ్వుముఖముతో లోనికి మరలిపోవును. తల్లి తినుటకై బిడ్డలు కాపుగాచిన దృశ్యము భారతీయ ఆత్మకథలలో ఇంత నిరాడంబరముగా మరియొకచోట కానరాదు. ఇక్కడ వడ్డించునది సూర్యుడు. బిడ్డలు కేవలము కబురు తెచ్చువారు.

కొన్ని పుటల తరువాత ఆ బాలుడే మిత్రునితో చాటుగా మాంసము తిని ఇంటికి వచ్చును. తల్లి భోజనమునకు పిలుచును. ఆకలి లేదు, అరుగలేదని చెప్పును. ఆయనను బాధించినది మాంసముకంటె ఈ ‘ఆకలి లేదు’ అను మాటయే. తలిదండ్రులు జీవించియున్నంతకాలము మాంసము మానవలెనను నిర్ణయమునకు మూలము ధర్మశాస్త్రము కాదు, తల్లి పిలుపునకు ఎదురుగా కూర్చుండి బొంకలేకపోవుట. 1888లో ఇంగ్లండునకు బయలుదేరునపుడు తల్లి ఎదుట పట్టిన మాంసవర్జన వ్రతమును ఈ వెలుగులో చదివినచో అది కేవలము మతనియమముగా తోపదు. 1891లో తిరిగివచ్చిన పిమ్మటనే తల్లి మరణవార్త ఆయనకు తెలిసినది. అప్పటికి ఆ మూడేండ్లును ఆమె లేకయే ఆమె పంక్తిలో భుజించినట్లయినది.

‘ఆకలి లేదు’ అను ఈ బొంకు హిందీ కథలో వేరొక రూపు దాల్చినది. అమర్‌కాంత్ (1925–2014) వ్రాసిన ‘దోపహర్ కా భోజన్’ పది నిమిషములలో చదివి ముగింపదగిన కథ. మండువేసవి మధ్యాహ్నము. సిద్ధేశ్వరి వంట ముగించి పొయ్యి ఆర్పినది. పెద్దకొడుకు రామచంద్రుడు ఒక దినపత్రికలో ప్రూఫులు దిద్దు పని నేర్చుకొనుచున్నాడు. నడిమివాడు మోహన్ పరీక్షకు చదువుచున్నాడు. కడగొట్టువాడు ప్రమోద్ విరిగిన మంచముపై నిద్రించుచున్నాడు. భర్త ముంశీ చంద్రికా ప్రసాదుకు ఉద్యోగము పోయినది. ఒక్కొక్కరే వచ్చి భుజింతురు. ఒక్కొక్కనికి రెండు రొట్టెలు, నీళ్ల పప్పు, శనగల కూర. మరియొక రొట్టె వేయనా యని ఆమె ప్రతివానిని అడుగును. ప్రతివాడును వలదనును. ఒకడు విసుగుకొనును, ఒకడు పప్పు చాలునని తప్పించుకొనును, భర్త కడుపు నిండినదని బెల్లము అడుగును. అందరికిని లెక్క తెలుసు. తెలియనట్లు నటించుటయే ఆ ఇంటి మర్యాద.

ఇంతవరకు దారిద్ర్యచిత్రణమే, అట్టి చిత్రణములు ఆ కాలమున పెక్కు వచ్చినవి. అమర్‌కాంత్‌ను తక్కినవారినుండి వేరుచేయునది ఇంకొక సంగతి. సిద్ధేశ్వరి పెద్దవానితో తమ్ముడు నిన్ను మెచ్చుకొనుచుండునని చెప్పును. తమ్మునితో అన్న మెచ్చుకొనుచుండునని చెప్పును. భర్తతో పెద్దవాడు మిమ్ము దేవుడనుచుండునని చెప్పును. అన్నియు కల్పితములే. మూడవ రొట్టెకు బదులు ఆమె ఒకరి మెప్పును ఒకరికి వడ్డించుచున్నది. కుటుంబము విడిపోకుండుటకు ఆమెయొద్ద మిగిలిన సంబారము అది యొక్కటే. తుదకు ఆమె పళ్లెములోనికి ఒకే ఒక మాడిన దళసరి రొట్టె వచ్చును. నిద్రించుచున్న ప్రమోదు వంక చూచి దానిని రెండు చేయును. ఒక సగము వానికి దాచి, రెండవ సగము తినబోగా కన్నీరు జారును. రచయిత ఆ కన్నీటిని గూర్చి ఒక్క మాటయు అదనముగా చెప్పలేదు.

ఈ కథను తెలుగు చేయువాడు ‘రొట్టె’ను ‘అన్నము’గా మార్చినచో కథ కూలిపోవును. రొట్టెలను లెక్కింపవచ్చును. అన్నమును లెక్కింపలేము, గరిటె వంపులో, కుండ అడుగున, గంజిలో కొరతను దాచవచ్చును. తెలుగు తల్లి దాపరికమునకు అన్నము తోడ్పడును, ఉత్తరాది తల్లికి రొట్టె తోడ్పడదు. సిద్ధేశ్వరి ధైర్యమంతయు ఈ తోడ్పాటు లేకపోవుటలోనే యున్నది. అనువాదమున పాఠకునికి పరిచయమైన పదార్థమును పెట్టవలెననువారు ఈ తావున కొంచెము ఆగి యోచింపవలెను.

తల్లి లేని పంక్తి ఎట్లుండునో ప్రేమచందు 1936లో హిందీలో వెలువడిన ‘కఫన్’ కథలో చూపినాడు. తండ్రి ఘీసూ, కొడుకు మాధవుడు చల్లారిన కుంపటియొద్ద బంగాళాదుంపలు కాల్చుకొని తినుచుందురు. లోపల కోడలు ప్రసవవేదనతో మూలుగుచుండును. లోనికి పోయినచో రెండవవాడు దుంపలను ఎక్కువ తినివేయునను భయమున ఎవడును కదలడు. ఈ క్రౌర్యమును గూర్చి విమర్శకులు చాల వ్రాసిరి. వారు అంతగా పట్టించుకొననిది, ఆ నడుమ ఘీసూ ఇరువది యేండ్లనాటి ఒక పెండ్లి విందును కొడుకునకు వర్ణించుట. పూరీలు, పచ్చళ్లు, పెరుగు, మిఠాయిలు! వలదన్నను విస్తరిలో వేసిరట. కొడుకు నోరూరుచు వినును. ఆ తండ్రి ఆ కొడుకునకు ఇచ్చిన పిత్రార్జితము ఆ విందు జ్ఞాపకమొక్కటే. మరునాడు శవవస్త్రమునకై దండిన సొమ్ముతో ఇరువురును కూర్చుండి తిని త్రాగినపుడు, తండ్రి కొడుకునకు మాట దక్కించుకొన్నట్లే యున్నది. పాఠకుడు అసహ్యించుకొనుచునే వారి పంక్తిలో కొంతసేపు కూర్చుండును. భీష్మ సాహనీ ‘చీఫ్ కీ దావత్’లో ఇందుకు విపర్యయము: కొడుకు దొరగారికి విందు చేయుచు, ముసలితల్లిని ఎక్కడ దాచవలెనో తెలియక తికమకపడును. అది తేలికయైన వ్యంగ్యముతో ఆరంభమై గట్టి కథగా ముగియును.

సూరతు రింగ్ రోడ్ మీది వస్త్రవిపణులకు వచ్చు బట్టలో తెలంగాణమునుండి వలసపోయిన పద్మశాలీల చెమటయు కలదు. సిరిసిల్ల, కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి పోయిన కుటుంబములు లింబాయత్, ఉధ్నా పేటలలో స్థిరపడినవి. మరమగ్గముల పాళీ పండ్రెండు గంటలు. రాత్రి పాళీ ముగించి తండ్రి వచ్చువేళకు బిడ్డ బడికి పోవును. బడిలోను బజారులోను వినవచ్చునది హిందీ, గుజరాతీ. తెలుగు పళ్లెము ముందు వినవచ్చును. అందుచేత అక్కడ తండ్రితో కలిసి తిను పూట భాషకుగూడ పూటయే. 1994 సెప్టెంబరులో ప్లేగు భయమునకును, 2020లో కోవిడు మూసివేతకును ఆ నగరపు వలసకార్మికులు పొయ్యిలార్పి స్వగ్రామములవైపు చూచిరి. ఈ జీవితమును కథ చేయువాడు మగ్గపు చప్పుడును వర్ణించుటకు ముందు, ఎవరు ఎవరి తరువాత తినుచున్నారో, గిన్నెలో ఎంత మిగిలినదో లెక్క చూచుకొనవలెను. అమర్‌కాంత్ వంటివానియొద్ద నేర్వదగిన పని అది.

ఆ పేటలలో సద్దుల బతుకమ్మనాడు తల్లులు పెరుగు, నువ్వులు, చింతపండు కలిపిన సద్దులు చేసి, ఆట ముగిసినపిదప బిడ్డలకు పంచుదురు. కొన్ని దినములకే శరత్పూర్ణిమ మరునాడు చందీ పడ్వో. సూరతు కుటుంబములు మేడలమీదను రోడ్ల అంచులను చేరి వెన్నెలలో ఘారీ తినును. ‘సద్ది’ వరంగల్లు సీమవాడైన పోతన వాడిన ‘చల్ది’యే, గోపబాలురు ఇండ్లనుండి తెచ్చుకొని అడవిలో కృష్ణునితో పంచుకొన్నది అదియే. దీనిని హిందీలోనికి తేవలెనన్నచో నిఘంటువు ‘బాసీ’ అనును. ఆ మాటకు పాచిపోయినదను ఈసడింపు కొంత అంటుకొనియున్నది. బృందావనపు విందునకు అది తగదు. గుజరాతీ ‘టాఢుం’ మేలు. శీతలా సప్తమినాడు పొయ్యి వెలిగింపక, ముందునాడు వండినదానిని చల్లగా తినునపుడు వారు వాడు మాట అది. అయితే హిందీసీమలోను శీతలాదేవికి అట్టి దినమే యొకటి కలదు. దాని పేరు బసౌడా, ఆ పేరు పుట్టినది ‘బాసీ’ నుండియే.