బుల్లెట్‌ను పాదంతో చదవడం

పాత బుల్లెట్‌ను స్టార్ట్ చేయడానికి బలం కన్నా ఓపిక ముఖ్యం. తాళం తిప్పగానే హెడ్‌లైటు పైనున్న ఆంపియర్ మీటర్ ముల్లు ఓ పక్కకు వాలుతుంది. కిక్ రాడ్‌ను కాలితో మెల్లగా నొక్కుతూ పోతే ఒకచోట గట్టిగా అడ్డం తగులుతుంది, ముల్లు మధ్యకొస్తుంది. అంటే పిస్టన్ పైకొచ్చింది, ఇగ్నిషన్ పాయింట్లు విడిపోయాయి. అప్పుడు డీకంప్రెషన్ లివర్ పట్టి కిక్‌ను ఇంకొంచెం దించి, లివర్ వదిలి, రాడ్‌ను పైకి రానిచ్చి ఒక్క నిండు కిక్ కొట్టాలి. ఈ వరుస తప్పితే బండి వెనక్కి తంతుంది, చీలమండ వాస్తుంది.

ఈ పనంటే నాకు ప్రాణం. ఒకే సిలిండరు కాబట్టే లోపల ఏం జరుగుతోందో పాదానికి ఇంత స్పష్టంగా తెలుస్తుంది.

ఇంగ్లండ్‌లోని రెడిచ్‌లో రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ ‘బుల్లెట్’ పేరు పెట్టింది 1932లో. కానీ మనం ఎరిగిన బండి రెండో ప్రపంచయుద్ధం తర్వాతిది. 1948లో కోల్మోర్ కప్ ట్రయల్ అనే బురద దారుల పోటీకి అది వెనక స్వింగింగ్ ఆర్మ్, షాక్ అబ్జార్బర్లతో వచ్చింది. వెనక చక్రం ఫ్రేముకు కదలకుండా బిగించి ఉంటేనే బురదలో పట్టు దొరుకుతుందని ఆ పోటీల్లో తోలేవాళ్లకు గట్టి నమ్మకం. చక్రం పైకీ కిందికీ ఆడితే నేలను వదిలేస్తుందని వాళ్ల అనుమానం. నిజానికి ఆడే చక్రమే రాళ్లూ గుంతల్లో నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. అదే ఏడాది ఇటలీలోని శాన్ రెమోలో ఆరు రోజుల అంతర్జాతీయ ట్రయల్‌లో గెలిచిన బ్రిటిష్ జట్టులో ఇద్దరు తోలింది బుల్లెట్లనే. ఆ పేరుకున్న గౌరవమంతా నా లెక్కలో అక్కడ సంపాదించిందే.

తర్వాత 346 సీసీ బండి మార్కెట్లోకొచ్చింది, 1953లో 499 సీసీది. చిన్నదాని బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90. స్ట్రోకు పొడవు, ఫ్లైవీలు బరువు. అందుకే తక్కువ వేగంలోనూ ఇంజిన్ ఓపికగా లాగుతుంది. వీధి మలుపులో ఉండగానే మనం గుర్తుపట్టే ఆ డుగ్ డుగ్‌కు కారణం కూడా ఇదే.

1950లలో మన సైన్యం ‘350’గా పిలిచే ఈ చిన్న బండినే ఎంచుకుంది. 1955లో మద్రాస్ మోటార్స్ భాగస్వామ్యంతో ఎన్‌ఫీల్డ్ ఇండియా పుట్టింది. మొదట్లో రెడిచ్ నుంచి వచ్చిన విడిభాగాలను ఇక్కడ బిగించేవారు. తర్వాత తయారీ యంత్రాలు కూడా కొన్నారు. ఇంగ్లండ్‌లో కుర్రకారు వేగం కోరుకున్నారు, కంపెనీ రెండు సిలిండర్ల బండ్ల వైపు మళ్లింది. 1967లో రెడిచ్ ఫ్యాక్టరీ మూతపడింది. పుట్టినచోట ఆగిపోయిన బండిని మద్రాసు దగ్గరి తిరువొత్తియూరు ఫ్యాక్టరీ కార్మికులు తయారుచేస్తూనే ఉన్నారు. 1977 నుంచి మద్రాసు బుల్లెట్లు తిరిగి బ్రిటన్‌కే ఎగుమతయ్యాయి!

దశాబ్దాల పాటు పెద్దగా మార్పు లేకపోవడం వల్ల నష్టమూ జరిగింది. ఆ డ్రమ్ బ్రేకులను, కింద చుక్కలు చుక్కలుగా కారే ఆయిల్‌ను నేను వెనకేసుకురాను. కానీ బండి మారలేదు కాబట్టే ఒక మెకానిక్ చేతిపని అతని శిష్యుడికి, ఆ శిష్యుడి శిష్యుడికి చెక్కుచెదరకుండా అందింది.

ట్యాపెట్లనే చూడండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, కంప్రెషన్‌లో పిస్టన్‌ను పైకి తెచ్చి, పక్కనున్న చిన్న మూత విప్పాలి. పుష్‌రాడ్ రెండు వేళ్ల మధ్య సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. ఫీలర్ గేజ్ అక్కర్లేదు, వేళ్లే కొలత. బిగువెక్కువైతే వాల్వు కాలుతుంది, వదులైతే టకటకమంటుంది. నాకు నేర్పిన మెకానిక్ అన్న నా వేళ్లను పుష్‌రాడ్ మీద పెట్టి, ఒక్కో మలుపు బిగిస్తూ తేడా చూపించాడు. మాన్యువల్‌లో ఆ రెండు వాక్యాలూ ఉన్నాయి గానీ, ఎంత సులువుగా తిరిగితే సరిపోతుందో వేళ్లకు పట్టుబడింది అప్పుడే.

2009లో వచ్చిన కొత్త ఇంజిన్‌లో ట్యాపెట్లు బిగించే పని లేదు, చాలా బండ్లు బటన్ నొక్కితే స్టార్ట్ అవుతాయి. మంచిదే. మీ ఇంట్లో పాత పోత ఇనుము ఇంజిన్ బుల్లెట్ మూలనపడి ఉంటే మాత్రం తూకానికి వేయకండి. పాయింట్లు సరిచేయడం తెలిసిన మెకానిక్ మీ ఊళ్లో ఇంకా షాపు తెరుస్తుండగానే వెళ్లి పక్కన కూర్చోండి, ట్యాపెట్లు బిగించడం మీ చేతులతో నేర్చుకోండి.