జెండా, సుద్దముక్క: 'రైలుబడి'లో చిత్రలేఖనం, బాలల ఎంపిక

తెత్సుకో కురొయనాగి 1981లో జపాను భాషలో వెలువరించిన బాల్యస్మృతుల గ్రంథం 'తొత్తొచాన్' తెలుగు పాఠకులకు 'రైలుబడి'గా సుపరిచితం. ప్రాథమిక విద్యలో బాలల స్వేచ్ఛను గురించిన చర్చ ఎక్కడ జరిగినా ఈ గ్రంథం ప్రస్తావనకు వస్తుంది. ప్రస్తావించే తీరు మాత్రం దాదాపు ఒక్కటే. పిల్లను వెళ్లగొట్టిన మొదటి బడి నిర్బంధానికీ, అక్కున చేర్చుకున్న తొమోయె బడి స్వేచ్ఛకూ ప్రతీకలుగా నిలుస్తాయి. గ్రంథంలో బొమ్మలు గీయడానికి సంబంధించిన రెండు ఘట్టాలను పక్కపక్కన పెట్టి చదివితే ఈ సులభమైన విభజన నిలవదు. చిత్రలేఖన తరగతిలో పిల్లవాడి ఎంపిక అంటే ఏమిటన్న ప్రశ్నకు ఆ రెండు ఘట్టాలూ ఇచ్చే సమాధానం, విమర్శకులు సాధారణంగా దాని నుండి గ్రహించే సమాధానం కంటె క్లిష్టమైనది.

మొదటి ఘట్టం గ్రంథారంభంలోనే వస్తుంది. ఉపాధ్యాయిని తల్లిని పిలిపించి ఫిర్యాదులు ఏకరువు పెడుతుంది. వాటిలో ఒకటి బొమ్మది. తరగతి అంతటికీ జాతీయ పతాకం గీయమని చెబితే ఈ పిల్ల కిరణాలు విరజిమ్మే నౌకాదళ పతాకం గీసింది. అందులో తప్పేమీ లేదని ఉపాధ్యాయినే ఒప్పుకుంటుంది. ఆ తరువాత పిల్ల జెండా చుట్టూ పసుపుపచ్చ కుచ్చులు గీయడం మొదలుపెట్టింది. జెండాయే కాగితమంతా ఆక్రమించడంతో కుచ్చులకు చోటు లేక గీతలు బల్ల మీదికి పాకాయి. ఎంత రుద్దినా పోలేదు. జెండాకర్ర ఉన్న వైపు కుచ్చులుండవు కనుక గీతలు మూడు వైపులకే పరిమితమయ్యాయని తల్లి కాస్త ఊరట పొందేలోగా, ఆ కర్రలో అధికభాగం కూడా బల్ల మీదికే వెళ్లిందని తెలుస్తుంది.

ఈ ఘట్టాన్ని హాస్యంగా చదివి వదిలేయడం పరిపాటి. గమనించవలసినది ఉపాధ్యాయిని అభ్యంతరం ఎక్కడ మొదలైందన్నది. విషయాన్ని మార్చుకునే స్వేచ్ఛను ఆమె ఇచ్చింది. 1940 ప్రాంతపు జపానులో, జాతీయ పతాకాన్ని గీయమన్న చోట, అది చిన్న వెసులుబాటు కాదు. ఆమె ఇవ్వలేకపోయింది చోటును. పిల్ల ఊహకూ కాగితం కొలతకూ మధ్య తేడా వచ్చింది. ఆ తేడాను పూడ్చే ఏర్పాటు తరగతిలో లేదు. చెరగని గీతలు పడిన బల్ల బడి ఆస్తి. దానికి జవాబు చెప్పుకోవలసినది ఆమే. ఈ పాత్రను దుష్టపాత్రగా చిత్రించే వ్యాఖ్యానాలు ఈ సంగతిని పట్టించుకోవు. పైగా ఆమె మాటలు పాఠకుడికి చేరేది ఎన్నో ఏళ్ల తరువాత రచయిత్రి కథనం ద్వారానే.

రెండవ ఘట్టం తొమోయెలో సుద్దముక్కల పాఠం. ప్రధానోపాధ్యాయుడు కొబాయాషి సొసాకు ఐరోపాలో దాల్‌క్రోజ్ లయశిక్షణను అభ్యసించి వచ్చినవాడు. సమావేశపు హాలులో పిల్లలందరికీ తలా ఒక సుద్దముక్క ఇచ్చి, తాను పియానో వాయిస్తుంటే ఆ లయను నేల మీద స్వరచిహ్నాలుగా రాయమంటాడు. తోకలున్న స్వరచిహ్నాలను ఆ బడిలో 'జెండాలు' అంటారు. మొదటి బడిలో పిల్లను నేరస్థురాలిని చేసిన మాటే ఇక్కడ పాఠపు పరిభాషగా తిరిగి వచ్చింది. రచయిత్రి దీనిని ఎత్తి చూపదు. బహుశా ఉద్దేశించి ఉండకపోవచ్చు కూడా. అయినా రెండు ఘట్టాలను కలిపే దారం ఈ మాటలోనే దొరుకుతుంది. ఆయన దిగివచ్చి ఒక్కొక్కరు రాసినదీ చూసి, తప్పుంటే చెబుతాడు. ఆ పని అయ్యాక మిగిలిన నేలంతా పిల్లలదే. విమానమో బొమ్మో ఎవరికి తోచినది వారు గీస్తారు. ఒక్కోసారి ఒకరి గీతను మరొకరి గీతతో కలిపి నేలనంతటినీ ఒకే చిత్రం చేస్తారు.

చివరిది శుభ్రం చేసే పని. డస్టరుతో తుడిచి, ఆపై తడిగుడ్డతో మళ్లీ తుడవాలి. ఆ శ్రమ ఎంతటిదో ఎరిగిన పిల్లలు బయట గోడలపై ఎన్నడూ గీతలు గీయలేదని రచయిత్రి చెబుతుంది. తెలుగు పాఠకుడికి ఇక్కడ ముగ్గు గుర్తుకు రావడం సహజం. చుక్కలు ముందే నిర్ణయమై ఉంటాయి, గీత చేతిది, మరునాటికి వాకిలి మళ్లీ ఖాళీ. ఈ పోలికను సాగదీయకూడదు. చుక్కల ముగ్గులో నియమం గీత లోపలికి కూడా వస్తుంది. తొమోయె పాఠంలో నియమం స్వరచిహ్నం దగ్గర ఆగిపోతుంది. సవరింపు కూడా స్వరచిహ్నాలకే పరిమితమైనట్లు కథనం చూపుతుంది. బొమ్మల జోలికి ఆయన పోడు.

కనుక మొదటి తరగతిలో నియమాలున్నాయి, రెండవ దానిలో లేవు అనడం పాఠ్యానికి విరుద్ధం. రెండవ దానిలోనే ఏర్పాట్లు ఎక్కువ. చెరిగిపోయే సాధనం, ఊహకు సరిపడే వైశాల్యం, మొదట నేర్పవలసిన నైపుణ్యం, చివర వహించవలసిన బాధ్యత, ఇవన్నీ గురువు ముందుగా ఆలోచించినవే. తొమోయెలో ఉదయాన్నే ఆనాటి పాఠాలన్నిటి జాబితా బోర్డుపై రాసి, ఇష్టమైన దానితో మొదలుపెట్టమనే పద్ధతి కూడా ఇలాంటిదే. అక్కడ పిల్లవాడు ఎంచుకునేది వరుసక్రమాన్ని. ఏ పిల్లవాడి మనసు ఎటు మొగ్గుతుందో తెలుసుకునే అవకాశం గురువుకు దక్కుతుంది. అమెరికాలో మసాచుసెట్స్ ఉపాధ్యాయుల కృషితో వ్యాపించిన 'టీచింగ్ ఫర్ ఆర్టిస్టిక్ బిహేవియర్' పద్ధతి కూడా ఈ అవగాహనకు దగ్గరగానే ఉంటుంది. గది మట్టిపనికి, రంగులకు, అతికింపు పనికి వేర్వేరు స్థానాలుగా ఏర్పడి ఉంటుంది. ఉపాధ్యాయుడు క్లుప్తంగా ఒక మెలకువ చూపిస్తాడు. ఏమి చేయాలన్నది పిల్లలు తేల్చుకుంటారు.

ఈ పఠనానికి ఒక ఆక్షేపణ రావచ్చు. తొమోయె బడి మొత్తంలో పిల్లలు యాభై మంది దాకా మాత్రమే. అంత చిన్న బడిలో సాధ్యమైనది క్రిక్కిరిసిన తరగతిలో సాధ్యమా అన్నది న్యాయమైన ప్రశ్న. అయితే సంఖ్య కొరత తీర్చని లోపం ఒకటుంది. జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం 2005 పదవ తరగతి వరకు కళావిద్యను తప్పనిసరి విషయంగా ప్రతిపాదించింది. ఆ తరువాత రూపొందిన తెలుగు వాచకాలలో 'సృజనాత్మకత', 'ప్రశంస', 'ప్రాజెక్టు పని' అనే శీర్షికలు చోటు చేసుకున్నాయి. శీర్షికలు సదుద్దేశంతో పెట్టినవే. కాని ఏ బొమ్మ గీయాలో, ఏ చిత్రాలు సేకరించి అతికించాలో వాచకమే నిర్ణయించినపుడు, నలభై మంది తెచ్చే ప్రాజెక్టులు నలభై నకళ్లవుతాయి. వాటికి మార్కులు వేయవలసిన ఉపాధ్యాయుడు శుభ్రతకో, ముద్రిత చిత్రంతో పోలికకో వేస్తాడు. నౌకాదళ పతాకం గీసిన పిల్లను అడ్డుకోని ఆ మొదటి బడి ఉపాధ్యాయిని ఈ విషయంలో మన వాచకాల కంటె ఒక అడుగు ముందే ఉంది.