పదహారో వంతు వెచ్చదనం

ఇంగ్లండులో ఫిబ్రవరి తెల్లవారుజాము. గ్రీన్‌హౌస్ అద్దాల మీద మంచు పేరుకుని ఉంది. లోపల బల్ల మీద చెక్కపెట్టె, దాంట్లో నాలుగు వేళ్ల మందాన ఇసుక, ఇసుకలో మెలికలు తిరిగిన హీటింగ్ కేబుల్, పైన గుంటూరు మిరప గింజలు చల్లిన ట్రేలు. ఇక్కడి తోటమాలులు దీన్ని ప్రాపగేటర్ అంటారు. మూత తీసి చెయ్యి పెడితే అరచేతికి మన ఊరి మార్చి నెల తగులుతుంది. మిరప గింజ మొలకెత్తడానికి 25 నుంచి 30 డిగ్రీలు కావాలి. చలిలో వదిలేస్తే మొలవక ముందే కుళ్లిపోతుంది.

ఆ మార్చి నెలను నిలబెట్టేది ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు, ఇసుకలో గుచ్చిన ఒక సెన్సర్. సెన్సర్ పేరు డీఎస్18బీ20. అది డిగ్రీని పదహారు ముక్కలు చేసి లెక్కపెడుతుంది. మనకు 25 డిగ్రీలైతే దానికి 400. నిజానికి అర డిగ్రీ అటూ ఇటూ పొరబడే అవకాశం దానికి ఉంది. అయినా ఆ పదహారో వంతు వృథా పోదు. 400, 400, 401: ఇసుక ఎంత వెచ్చగా ఉందో కాదు, ఎటు జరుగుతోందో ఆ చివరి అంకె చెబుతుంది. గమకం స్వరంలో కన్నా స్వరానికి వెళ్లే దారిలో వినిపించినట్టు. అడిగిన వెంటనే జవాబివ్వదు కూడా, ముప్పావు సెకను దాకా తీసుకుంటుంది. ఆ తాత్సారమంటే నాకు గౌరవం.

మొదట రాసిన ప్రోగ్రాం సాదాది. 24.5కి దిగితే కేబుల్ వెలిగించు, 25.5కి చేరితే ఆపు. కేబుల్‌కు కరెంటు కలిపి తెంపే రిలే టక్కుమనేది, నాకు ధైర్యంగా ఉండేది. కానీ కేబుల్ ఆగినా ఇసుక ఆగదు. తాగిన వేడిని తీరిగ్గా పైకి పంపుతూనే ఉంటుంది. గ్రాఫ్ గీత 27 దాకా ఎగబాకి, అక్కణ్ణుంచి బద్ధకంగా కిందికి జారేది.

అప్పుడు పీఐడీ రాశాను. ఇప్పుడున్న తేడా, ఇంతవరకూ పోగైన తేడా, తేడా మారుతున్న వేగం, ఈ మూడూ కలిపి ఎంత సెగ ఇవ్వాలో తేల్చే లెక్క అది. 1922లో నికొలాస్ మినోర్‌స్కీ ఓడ చుక్కాని పట్టే మనుషుల నేర్పును చూసి దీన్ని గణితంలోకి దించాడు. మూడోదే నాకు ప్రాణం. అన్నం పొంగు వచ్చాక కాదు, రాబోతుండగానే మంట తగ్గించే చెయ్యి అది. గీత 25కు చేరువవుతుంటే కేబుల్‌కు అందే కరెంటు పది సెకన్లలో ఏడు సెకన్లు, నాలుగు, ఒకటి, అలా పలచబడుతుంది. రిలే స్థానంలో పెట్టిన సాలిడ్ స్టేట్ రిలే చప్పుడు చెయ్యదు. సెకనుకు వందసార్లు సున్నాను దాటే కరెంటు అలలో అలాంటి సున్నా కోసమే కాచుకుని, అక్కడ తలుపు తీస్తుంది.

అన్నిటికన్నా అందమైన వాక్యం మాత్రం ప్రోగ్రాంలో మరోచోట ఉంది. సెన్సర్ తీగ తెగితే, సెన్సర్‌ను చదివే కోడ్ లైబ్రరీ మైనస్ 127 డిగ్రీలని చూపిస్తుంది. దాన్ని నమ్మితే పెట్టె గడ్డకట్టిందనుకుని కేబుల్ రాత్రంతా కాలుతుంది, గింజలు మాడిపోతాయి. అందుకే ఒక్క పంక్తి: ఆ అంకె వస్తే వేడి ఆపెయ్యి. తెలియనప్పుడు చెయ్యి వెనక్కి తీసుకోమని యంత్రానికి నేర్పిన పంక్తి అది. రాసిన రోజు దాన్ని రెండుసార్లు పైకి చదువుకున్నాను.

తొమ్మిదో ఉదయం మూత ఎత్తాను. ఒక మొలక వంచిన మెడను మట్టిలోంచి లాక్కుంటోంది, గింజ తొక్క ఇంకా నెత్తినే ఉంది. తెర మీద 401. నేను చూస్తుండగానే 400 అయింది.