తాళం వేసే ముందు

నరసరావుపేటలో ఏ వీధిలోకి వెళ్లినా ఏడాదిలో సగం రోజులు తాళం వేసి ఉండే ఇల్లు ఒకటైనా కనిపిస్తుంది. పిల్లలు అమెరికాలో, పెద్దవాళ్లు ఇక్కడ. కోడలి పురుడనో, మనవడి అన్నప్రాసన అనో విమానం ఎక్కితే, విజిటర్ వీసా మీద మామూలుగా ఇచ్చే ఆర్నెల్ల గడువూ అక్కడే గడిపి వస్తారు. వెళ్లేముందు నగలు బ్యాంకు లాకరుకు చేరతాయి. పాలవాడికీ పేపరబ్బాయికీ కబురందుతుంది. టీవీ, ఫ్రిజ్, ఇన్వర్టర్, వాషింగ్ మెషీన్ల సంగతి మాత్రం మెయిన్ ఆఫ్ చేయడంతో సరి. ఆ మెయిన్ ఆఫ్ చేయడానికి ముందు ఒక పూట పని ఉంటుందని నమ్మే పాతకాలపు టీవీ మెకానిక్ ఒకరు ఈ ఊళ్లో ఉన్నారు. పక్కన కూర్చుని చూస్తే, చెడిన వస్తువును బాగుచేయడంలో కన్నా బాగున్నదాన్ని భద్రపరచడంలోనే ఆయన చేతి నేర్పు ఎక్కువగా తెలుస్తుంది.

పల్నాడులో ఈ పని తేలిక కాదు. రెంటచింతల ఎండల సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు. మే నెలలో 45 డిగ్రీలు దాటడం అక్కడ వింత కాదు. తలుపులు బిగించిన గదిలో పగలు చేరిన వేడి రాత్రికి కూడా బయటికి పోదు. పిడుగురాళ్ల వైపు సున్నపు బట్టీల దుమ్ము ఉండనే ఉంది. జూలై నుంచి వానలు. పొడిగా ఉన్నంతకాలం సర్క్యూట్ బోర్డు మీది దుమ్ముతో పెద్ద చిక్కు లేదు. చెమ్మ తగిలితే మాత్రం దానిగుండా కరెంటు పారుతుంది, బోర్డు మీది భాగాల కాళ్లూ అతుకులూ తుప్పు పడతాయి. అందుకే ఆయన ఏ వస్తువుకైనా ముందు దుమ్ము దులుపుతారు. మెత్తటి పెయింటు బ్రష్షు, బ్లోయరు, పొడి గుడ్డ. తడిగుడ్డ దగ్గరికి రానివ్వరు.

మొదట ఇంట్లో ఉన్న రిమోట్లూ గోడ గడియారాలూ టార్చిలైట్లూ అన్నీ బల్ల మీదికి తెప్పిస్తారు. సెల్లులు తీయడం ఎవరికైనా తెలిసిన పనే. తీశాక ఆయన చేసేది చూడాలి. మన కొట్లలో చవగ్గా దొరికే పెన్సిల్ సెల్లుల్లో ఎక్కువ భాగం జింక్ కార్బన్ రకం. అందులో జింకు డబ్బాయే సెల్లుకు ఒక కొస కూడా. కరెంటు ఇచ్చేకొద్దీ ఆ డబ్బా గోడే అరిగిపోతుంది, చివరికి లోపలి రసం బయటికి కారుతుంది. అది ఆమ్ల గుణం ఉన్నది. ఆల్కలైన్ సెల్లు కారితే వచ్చేది క్షారం. రిమోటు స్ప్రింగు మీద పొడి పేరుకుని ఉంటే, ఏ రకం సెల్లు కారిందో చూసి మందు మారుస్తారాయన. జింక్ కార్బన్‌కు చిటికెడు వంటసోడా కలిపిన నీళ్లు, ఆల్కలైన్‌కు నిమ్మరసం. పాత టూత్‌బ్రష్షును రెండు చుక్కల్లో ముంచి, స్ప్రింగు ఒక్కదానికే తగిలేలా రుద్దుతారు. వెంటనే మంచినీళ్ల తడితో ఒకసారి తుడిచి, ఫ్యాను కింద ఆరనిచ్చి, మూత పెడతారు. ఆ స్ప్రింగు మళ్లీ మెరుస్తుంది. పది రూపాయల స్ప్రింగు మీద అంత శ్రద్ధ పెట్టే మనిషికి ఇంటి తాళంచెవి ఇచ్చినా దిగులుండదు.

వైర్ల దగ్గర ఆయన కోపం చూడాలి. ఛార్జరు వైరును గట్టిగా చుట్టి రబ్బరుబ్యాండు వేయడం మన ఇళ్లలో అలవాటు. రెండు వేసవులు గడిస్తే ఆ రబ్బరు కరిగి వైరుకు జిగురులా అంటుకుపోతుంది, గోకితే పైతోలు కూడా ఊడివస్తుంది. ఆయన అరచెయ్యంత వెడల్పున వదులుగా చుట్టలు వేసి, నూలుదారంతో ముడి వేస్తారు. ముడికి చిన్న కాగితం, దాని మీద ఆ వైరు ఏ వస్తువుదో. విప్పిన మరలుంటే చిన్న కవర్లో వేసి ఆ వస్తువుకే టేపుతో అంటిస్తారు.

తర్వాత ముసుగులు. ఒక ఇంటి పెద్దావిడ కొత్త ప్లాస్టిక్ కవర్లు తెచ్చి చూపిస్తే, “ప్లాస్టిక్కు కప్పమాకండి పిన్నిగారూ, లోపల చెమ్మ పడితే పోయే దారి ఉండదు. పాత నేతచీర ఉంటే ఇవ్వండి” అన్నారు. ఆవిడ బీరువాలో వెతికి ఉతికిన చీరలు రెండు తెచ్చారు. టీవీని నిలువుగానే ఉంచి, డిష్ కేబులు కూడా ఊడదీసి, చీర కప్పారు. ఉరుములు మెరుపుల రోజుల్లో ఆ కేబులు గుండా కూడా టీవీకి దెబ్బ తగలవచ్చు. కలరా ఉండలు బట్టల మధ్యే ఉంచమంటారు. వాటి ఆవిరికి కొన్ని రకాల ప్లాస్టిక్కులు మెత్తబడతాయి.

ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ల పని తొందరగా అయిపోతుంది. రెంటికీ కావలసింది లోపలి తడి పూర్తిగా ఆరడం, తలుపు ఓరగా తెరుచుకుని ఉండటం. ఫ్రిజ్ తలుపు సందులో మడిచిన తువ్వాలు, మెషీన్ పైపుల్లో మిగిలిన నీళ్లకు ఒక బకెట్టు, అంతే. వెంట తీసుకెళ్లని ఫోను, ల్యాప్‌టాప్ ఉంటే ఛార్జింగు సగం ఉండగా ఆఫ్ చేయిస్తారు. లిథియం బ్యాటరీకి నిండుగా ఉండి వేడెక్కడమూ మంచిది కాదు, అడుగంటా ఖాళీ అవడమూ మంచిది కాదు. ఇంట్లోకెల్లా చల్లని గదిలో, బీరువా అడుగు అరలో పెట్టిస్తారు.

ఇన్వర్టర్ దగ్గరే జనం ఎక్కువగా నష్టపోతారు. మెయిన్ ఆఫ్ చేసి, ఇన్వర్టర్ స్విచ్ ఆన్‌లో వదిలేసి వెళ్లిపోతారు. ఇన్వర్టర్ మటుకు కరెంటు పోయిందనుకుంటుంది. ఇంట్లో ఒక్క బల్బు వెలగకపోయినా తన పనికి బ్యాటరీని పీల్చుకుంటూనే ఉంటుంది. ఖాళీ అయిన లెడ్ యాసిడ్ బ్యాటరీని అలాగే వదిలేస్తే ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడుతుంది. ఆ తర్వాత ఎంత ఛార్జ్ చేసినా మునుపటి బలం రాదు. ఆయన ముందురోజే బ్యాటరీని నిండా ఛార్జ్ చేయించి, డిస్టిల్డ్ వాటర్ మట్టం చూసి, మర్నాడు హైడ్రోమీటరుతో ఒక్కో సెల్లులోని ఆమ్లం సాంద్రతను కొలుస్తారు. ట్యూబులర్ బ్యాటరీ అయితే సుమారు 1240 దగ్గర ఉండాలి. ఆరు గడుల్లో ఒక్కటి తక్కువ చూపినా మళ్లీ ఛార్జింగే. ఆ తర్వాత ఇన్వర్టర్ ఆపి, ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్ వైర్లు విప్పి, టెర్మినళ్లను సోడా నీళ్ల గుడ్డతో తుడిచి, ఆరాక వ్యాజిలిన్ పలచగా రాస్తారు. అయినా బ్యాటరీ తనంతట తానే తగ్గిపోతుంటుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ తగ్గుదల సుమారు రెట్టింపవుతుంది. అందుకే రెండు నెలలకోసారి వచ్చి ఛార్జింగు పెట్టే మనిషి ఉంటేనే ఈ పని ఒప్పుకుంటారు.

ఒక ఇంట్లో ఆయన చేతికి షట్టర్ తలుపుల ఈసీ టీవీ దొరికింది. 1967లో హైదరాబాద్‌లో పుట్టిన ఈసీఐఎల్ తయారీ. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ మొదలయ్యాక తెలుగిళ్లలోకి వచ్చిన పెట్టెల్లో ఈసీ టీవీ పేరు పెద్దది. ఏళ్ల తరబడి కరెంటు తగలని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లలో ఆక్సైడ్ పొర పలచబడుతుంది, ఒక్కసారిగా పూర్తి వోల్టేజీ ఇస్తే కాలిపోతాయి. అందుకు ఆయన దగ్గర సిరీస్ బోర్డు ఉంది. చెక్క మీద ఒక హోల్డరు, 100 వాట్ల ఫిలమెంట్ బల్బు, ఒక సాకెట్టు. టీవీకి వెళ్లే కరెంటంతా ఆ బల్బు గుండానే పోవాలి. లోపల షార్టుంటే బల్బు నిండుగా వెలిగి భారం తాను మోస్తుంది, టీవీకి ఏమీ కాదు. కాసేపు అలా ఉంచి, ఆపి, మళ్లీ ఇచ్చి, కెపాసిటర్లు తేరుకున్నాయనిపించాక నేరుగా కరెంటు ఇస్తారు. మళ్లీ మూలకు చేర్చేటప్పుడు చెదలకు భయపడి నాలుగు ఇటుకల మీద ఎత్తి పెట్టారు.

అదే ఈసీఐఎల్, బెంగళూరు బీఈఎల్‌తో పాటు ఓటింగ్ యంత్రాలు కూడా తయారుచేస్తుంది. పోలింగ్ అయ్యాక, ఓటు చీటీని చూపించే వీవీప్యాట్‌ను పెట్టెలో పెట్టి సీలు వేసేముందు సిబ్బంది దాని బ్యాటరీ తీసేస్తారు. ఎక్కడికైనా తరలించేటప్పుడు కాగితపు చుట్ట కదలకుండా వెనకున్న మీటను తిప్పి బిగించి ఉంచుతారు. దేశం తన యంత్రాల మీద చూపే ఈ జాగ్రత్తనే ఆయన రిమోటు మీద, టేప్‌రికార్డరు మీద చూపిస్తున్నారు. టేప్‌రికార్డరులో ప్లే మీట నొక్కి ఉంటే రబ్బరు రోలరు ఒకేచోట నొక్కుకుపోయి సొట్ట పడుతుందని, మీట పైకి లేచి ఉందో లేదో రెండుసార్లు చూస్తారు.

బల్లుల సంగతి చివర్న. ఏసీ అవుట్‌డోర్ యూనిట్లోకి, ఇన్వర్టర్ సందుల్లోకి దూరి బోర్డు మీద చచ్చిపడే బల్లి వల్ల చాలా ఇళ్లలో షార్ట్ అవుతుంది. గాలి ఆడాలి, బల్లి దూరకూడదు. దోమల జాలీని రంధ్రాలకు కొలత ప్రకారం కత్తిరించి, టేపుతో బిగిస్తారు. తిరిగొచ్చాక ఏది ఎక్కడ విప్పాలో ఒక కాగితం మీద వరసగా రాసి, ఆ కాగితాన్ని మెయిన్ స్విచ్ మీదే అంటిస్తారు. జాలీలు తీయడం అందులో మొదటి వరస, ఇన్వర్టర్ ఆన్ చేయడం ఆఖరిది.

ఈ పనికి ఆయన అడిగేది ఒక పూట కూలి. “ప్లగ్గులు పీకినందుకు డబ్బులేంది?” అని బేరమాడేవాళ్లున్నారట. కొత్త ఇన్వర్టర్ బ్యాటరీ వేలల్లో ఉంది. ఆ పెద్దావిడ మాత్రం అడిగినంతా ఇచ్చి, రెండు నెలలకోసారి రావడానికి ఇంకో తాళంచెవి కూడా ఆయన చేతిలో పెట్టారు.