జంగిల్ బుక్ చిత్రము: ఒక పునర్విమర్శనము

పెద్దలు తాము చిన్ననాట మెచ్చిన దానిని బిడ్డలకు చూపునప్పుడు వారి మనసులో రెండు కోరికలుండును. బిడ్డ లానందింపవలెననునది మొదటిది. తాము నవ్విన చోటనే నవ్వుచు, తాము భయపడిన చోటనే భయపడుచు, అచ్చముగా తమవలెనే ఆనందింపవలెననునది రెండవది. మొదటిది వాత్సల్యము, రెండవది అధికారము. ఈ రెంటికిని గల భేదమును మేమిటీవల ఒక బొమ్మల చలనచిత్రము నెదుట కూర్చుండి తెలిసికొంటిమి. అది 1967వ సంవత్సరమున డిస్నీ సంస్థవారు వెలువరించిన ది జంగిల్ బుక్.

మేము దానిని మొదట చూచినది 1990 తరువాతి దశాబ్దమున, గోదావరీ తీరమందలి యొక పట్టణమున, పొరుగువారి యింట, అద్దెకు తెచ్చిన వీడియో క్యాసెట్టులో. అందలి యాంగ్లము మాకు సగమైనను తెలియదు. తెలియకున్నను లోటు కలుగలేదు. ఎలుగుబంటి చెట్టునకు వీపు రుద్దుకొనుచుండగా భాషతో పనియేమి? ఇప్పుడు మా కుమారునకు పదునొకండేండ్లు, కుమార్తెకు ఎనిమిదేండ్లు. మొన్నటి వేసవి సెలవులలో నొక సాయంకాలము వారిని చెరియొక ప్రక్కను కూర్చుండబెట్టుకొని ఆ చిత్రమును మరల చూచితిమి.

చిత్రమునకు మూలమైన రడ్యార్డ్ కిప్లింగ్ కథలు 1894, 1895 సంవత్సరములలో రెండు సంపుటములుగా వెలువడినవి. కిప్లింగ్ 1865లో బొంబాయిలో జన్మించెను గాని ఈ కథలను వ్రాసినది అమెరికాయందలి వెర్మాంటు రాష్ట్రమున. కథారంగము మధ్యప్రదేశమునందలి సివనీ కొండలు, వైన్‌గంగా నదీతీరము. ఆ వైన్‌గంగయే వార్ధానదితో గలిసి ప్రాణహితయై, కాళేశ్వరమున గోదావరిలో గలియుచున్నది. కావున మౌగ్లీ యీదులాడిన నీరు మా చిన్ననాటి రేవునకు వచ్చిన నీరే. ఈ సంగతి నాడు మాకెవ్వరును చెప్పలేదు. నేడు పటము ముందిడుకొని బిడ్డలకు చూపగా, వా రా నదిని వ్రేలితో వెంబడించి గోదావరిదాక వచ్చి సంతసించిరి.

చిత్రమందు మాత్రము ఆ కొండలును లేవు, ఆ నదియును లేదు. మొదట బిల్ పీట్ వ్రాసిన కథ గ్రంథమునకు దగ్గరగా, కొంత విషాదచ్ఛాయతో నుండగా, వాల్ట్ డిస్నీ దానిని త్రోసిపుచ్చెను. తరువాతి కథకులకు గ్రంథమును చదువనే వద్దని చెప్పెనని ప్రసిద్ధి. ఆయన 1966 డిసెంబరు 15న మరణించెను. వుల్ఫ్‌గాంగ్ రైతర్‌మన్ దర్శకత్వమున చిత్రము పూర్తియై 1967 అక్టోబరు 18న విడుదలయ్యెను. డిస్నీ స్వయముగా చేయి వేసిన కడపటి పెద్ద బొమ్మల చిత్రములలో నిది యొకటి.

దీని గుణము లెవ్వియో ముందు చెప్పుట న్యాయము. ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్, మిల్ట్ కాల్ మొదలగు చిత్రకారుల చేతిలో జంతువులకు నడకలోనే స్వభావము వచ్చినది. బలూ యను నెలుగుబంటి నడచునప్పుడు దాని బరువు మనకు తెలియును. బగీరా యను నల్లచిరుత యడుగులు వేయునప్పుడు దాని చింత మనకు తెలియును. సీసపుకడ్డీ గీతల గరుకుదనమును చెరిపివేయకుండ విడిచిపెట్టుటచే బొమ్మలలో చేతిపని కనబడుచుండును. షేర్‌ఖాన్ అను పులికి జార్జ్ సాండర్స్ ఇచ్చిన గొంతు మిక్కిలి మర్యాదగా నుండును. అరువక, తొందరపడక, పెద్దమనుష్యునివలె మాటలాడుచు అది దాపునకు వచ్చుచుండగా మా కుమారుడు మోకాళ్లు దగ్గరకు ముడుచుకొని, “గర్జించే పులికంటె ఈ పులే భయంకరం, నాన్నా” యనెను. అంతకంటె మంచి విమర్శ మేమును వ్రాయలేము.

ఇక లోపములు. గ్రంథమున బలూ ధర్మశాస్త్రము నేర్పు గురువు. చిత్రమున అల్పసంతోషమును పాటగా పాడు సోమరి మిత్రుడు. గ్రంథమున కా యను కొండచిలువ మౌగ్లీకి ఆప్తుడు, చిత్రమున శత్రువు. ఇవి కథకుని స్వాతంత్ర్యమని విడువవచ్చును. కాని గ్రంథమునకు ప్రాణమైన దుఃఖమొకటి కలదు. అడవి మౌగ్లీని వెడలగొట్టును. ఊరును మంత్రగాడని రాళ్లు రువ్వి తరుమును. రెండు చోట్లను తనకు చోటు లేని బాలుని వేదన యది. చిత్రము దాని జోలికి పోలేదు. బలూ చనిపోయెనని బగీరా చరమోపన్యాసము చేయుచుండగా, బలూ లేచి కూర్చుండి ఆ పొగడ్తలు వినుచుండును! మా కుమార్తె యేడ్చినది, వెంటనే నవ్వినది, ఆ పిదప కొంచెము కోపగించినది. తన కన్నీటిని వృథా చేయించిరని కాబోలు.

వానరరాజు లూయీ ఘట్టము మరియొక విధమైన చిక్కు. ఒరాంగుటాను మన దేశపు అడవులలో లేదు; అది బోర్నియో, సుమత్రా దీవులది. అంతకంటె ముఖ్యమేమన, నీగ్రో జాతివారి సంగీతమని లోకమెరిగిన జాజ్ బాణీలో ‘నేనును మనుష్యుడనగుదును’ అని కోతి పాడుటలో ఆ జాతివారి నవమానించుట కలదని పలువురు విమర్శకులు చెప్పిరి. గొంతు నిచ్చిన లూయీ ప్రీమా ఇటలీ సంతతివాడగుటచే ఆ మాట తొలగిపోదు. 2019లో డిస్నీ వారు తమ యంతర్జాల ప్రసారమును ప్రారంభించినప్పుడు కొన్ని పాత చిత్రములకు, దీనికిని, కాలము చెల్లిన చిత్రణము లుండవచ్చునని హెచ్చరిక తగిలించిరి. మంచిదే. కాని ఆ హెచ్చరికను బిడ్డలు చదువరు. చదివినను దాని వెనుకనున్న చరిత్రను వారికెవరు చెప్పవలెను? పాట కాగానే మేము చిత్రమును నిలిపి నాలుగు మాటలు చెప్పితిమి. వారు శ్రద్ధగా విని, “పాట మాత్రం బాగుంది” యనిరి. రెండును నిజమే. నచ్చినదానిలో దోషముండుటయు, దోషమున్నది నచ్చుటయు లోకసహజమని పిల్లలు మనకంటె శీఘ్రముగా గ్రహింతురు.

మేము సిద్ధపడి యున్న ఘట్టమది. సిద్ధపడని ఘట్టము చివర వచ్చినది.

కథాంతమున మౌగ్లీ ఊరి పొలిమేరకు వచ్చును. ఒక బాలిక కడవతో నీటికి వచ్చి పాడుచుండును. తండ్రి వేటకు పోయెను, తల్లి వంట చేయుచున్నది, తాను నీరు తేవలెను. పెద్దయైన పిదప తానును వంటయింట నుండి తన కూతురిని నీటికి పంపును అని ఆ పాట తాత్పర్యము. స్త్రీ జన్మమంతయు పొయ్యికిని రేవునకును నడుమ ముగిసిపోవునని ఇంత తీయగా చెప్పిన పాట అరుదు. తరువాత బాలిక కావలెననియే కడవను జారవిడుచును. మౌగ్లీ దానిని పట్టి, నీరు నింపి, తన తలపై బెట్టుకొని ఆమె వెంట ఊరిలోనికి నడచిపోవును.

సరిగా ఆ పాట నడుమ మేము కుమార్తెతో, “తల్లీ, ఒక గ్లాసుడు మంచినీళ్లు తెచ్చిపెట్టమ్మా” యంటిమి. ఆమె తెరమీదినుండి చూపు త్రిప్పక, “మౌగ్లీయే కడవ ఎత్తుకొన్నాడు, చూడు నాన్నా! ఈ పూట అన్నయ్యను తెమ్మను” అనెను. కుమారుడు మా ముఖము చూచెను. మేము చెప్పుటకు మాట లేకపోయెను. నీరు కావలసినప్పుడెల్ల మా నోట ఆమె పేరే వచ్చుచున్నదని, కుమారుని పేరు ఒక్కనాడును రాలేదని అప్పుడు గాని మాకు తట్టలేదు. స్త్రీల యభ్యుదయమునుగూర్చి పత్రికలలో వ్రాయు మా యింటి సంగతి యిది.

మరియొకటి జ్ఞప్తికి వచ్చినది. నాడు పొరుగింట గుమిగూడిన మగపిల్లలమందరము మౌగ్లీ నెత్తిమీది కడవను చూచి పకపక నవ్వితిమి. ఆడుదాని పనికి లొంగెనని హేళన చేసితిమి. ఆ కాలమున మా తల్లి వీధి కుళాయి నుండి దినమునకు పది బిందెలు మోసెడిది. ఆ చిత్రమును ఎన్నిమారులో చూచితిమి గాని, ఆ కడవయు ఆమె బిందెయు ఒక్కటియే యని మాకు తోచలేదు.

చిత్రకారు లీ ఘట్టమున సంస్కారము బోధింపదలచిరని మేమనము. ఆడుదాని కనుసన్నకు మగవాడు వశుడగుననునదియే వారి యుద్దేశము. పాట యొక మాట చెప్పుచున్నది. బొమ్మ మరియొకటి చూపుచున్నది. మేము ముప్పదియేండ్లు పాటను నమ్మితిమి. మా కుమార్తె బొమ్మను చూచినది. రచన కర్తలను మించి పోవుటయన నిదియే.

2016లో వచ్చిన నూతన చిత్రమున మౌగ్లీ అడవిలోనే నిలిచిపోవును. ఆ బాలికయు లేదు, ఆ పాటయు లేదు. అభ్యంతరమైనదానిని తీసివేయుట సులభమైన మార్గము. కాని దానితో ఆ ప్రశ్నయు పోయినది. కడవ తెరమీద లేకున్నంత మాత్రమున ఇంటిలో లేకపోదు గదా!

కావున తలిదండ్రులకు మా విన్నపము. మీ చిన్ననాటి చిత్రములను బిడ్డలకు తప్పక చూపుడు. దోషములున్నవని దాచవద్దు, మీకు ప్రియమైనవని దోషములను కప్పిపుచ్చవద్దు. పరికరము చేతికిచ్చి వేరొక గదిలోనికి పోక, ప్రక్కనే కూర్చుండుడు. అడిగినదానికి నిజము చెప్పుడు. మీరు నవ్విన చోట వారు నవ్వకున్న కినియక, ఏల నవ్వలేదో యడుగుడు. ఆ ప్రత్యుత్తరము చిత్రమునుగూర్చి కాక మిమ్మునుగూర్చియే కావచ్చును, అప్పుడును వినుడు.

ఆ సాయంకాలము నీళ్లు మా కుమారుడు తేలేదు, కుమార్తెయు తేలేదు. మేమే లేచి తెచ్చుకొంటిమి, వారికిని తెచ్చియిచ్చితిమి.