అనుమతిపత్రమునకును అమ్మకమునకును నడుమ

నక్షా పాస్ అయిన మరునాడే ఫోను మ్రోగును. సిమెంటువాడు, స్టీలువాడు, లిఫ్టువాడు, సోలారు పలకలవాడు వరుసగా పలుకరించిన పిమ్మట, ఇంకను పునాదికి ముగ్గైనను పోయని స్థలమున వంటింటి అరలకు ఏ రంగు వేయింతురో సెలవిండని యొక యువకుడు మిగుల వినయముతో ప్రార్థించును. గృహస్థు ఆశ్చర్యపడును. తాను ఇల్లు కట్టబూనిన వార్త వియ్యంకునికైనను తెలియకముందే వీరికెట్లు తెలిసినదని ఆయన సందేహము. ఇందులో మాయ యేమియు లేదు. కట్టడముల అనుమతుల జాబితాలు చూచి లీడ్లు, అనగా కొనబోవువారి ఆచూకీలు, పట్టుట మా వృత్తిలో ఇప్పుడు మొదటి పాఠమైనది. జంషెడ్‌పురపు సోనారిలోను, కదమాలోను, ఖర్కయీ నదికి ఆవలి ఒడ్డున ఆదిత్యపురమునను టైల్సు, బాత్రూము సామాను అమ్ముకొని బ్రతుకువాడను గనుక, నేనును ఆ పాఠము చదివినవాడనే.

ఈ విద్య క్రొత్తది కాదు. అమెరికాలో ఫ్రెడరిక్ డాడ్జ్ అనునాతడు 1891లోనే బోస్టను నగరమున, ఎక్కడ ఏ కట్టడము లేవనున్నదో ఆ సమాచారమును సేకరించి వ్యాపారులకు అమ్ముట ఆరంభించెను. అనుమతుల సంఖ్య రేపటి ఆర్థికస్థితిని ముందుగా తెలుపు సూచికలలో నొకటిగా ఆ దేశమున నేటికిని లెక్కింపబడుచున్నది. మనకు 2016 నాటి రేరా అను స్థిరాస్తి నియంత్రణ చట్టము ఆ ద్వారము తెరచెను. 500 చదరపు మీటర్లకు మించిన స్థలమునగాని, 8 ఫ్లాట్లకు మించిగాని కట్టు ప్రాజెక్టు నమోదు కావలెననియు, బిల్డరు మూడు నెలలకొకసారి దాని ప్రగతిని బహిరంగముగా తెలుపవలెననియు విధించుటచేత, ఒకప్పుడు సిమెంటు గోదాము గుమాస్తా చెవిలో మాత్రమే పడు వార్త ఇప్పుడు చూడదలచినవానికెల్ల కనబడుచున్నది.

కనబడుచున్నదానిని చదువుటే కష్టము. ప్లాటు విస్తీర్ణము, కట్టు వైశాల్యము, అంతస్తులు, వినియోగము, ఆర్కిటెక్టు పేరు, మంజూరైన తేది—ఇన్ని గడులున్న పట్టికను చేతికిచ్చినచో క్రొత్తగా చేరిన కుర్రవాడు చేయు మొదటి పని, వైశాల్యము పెద్దదానినుండి చిన్నదానికి వరుస పెట్టి, పై నుండి ఫోను చేయుట. మేనేజర్లును దీనినే మెచ్చుకొందురు. నా మతమున ఇంతకంటె వ్యర్థమైన వరుస లేదు. పట్టికలో పరిమాణము వ్రాసియుండును. అవసరము పుట్టు ఘడియ వ్రాసియుండదు. ఆ ఘడియ ఒక్కొక్క సరకునకు ఒక్కొక్కటి. లిఫ్టుగుంట కొలతలు నక్షా గీయునాడే స్థిరపడును గనుక లిఫ్టువానికి మంజూరు తేదియే ఆలస్యము. కరెంటు పైపులు స్లాబు పోతకు ముందే ఇనుపచువ్వల నడుమ పరచవలెను గనుక, వైరింగువాడు చువ్వలు కట్టు వారమున అక్కడ నుండవలెను. రంగులవాడు ఏడాది తరువాత వచ్చినను తొందరపడినట్లే.

నా సరకు సంగతి కొంత విపులముగా చెప్పుదును. స్నానాలగదిలో వేడినీటిని చన్నీటిని కలిపి షవరునకు మళ్లించు డైవర్టరని యొక యిత్తడి భాగము కలదు. దాని ఒడలు గోడలో పూడ్చబడును. పైకి కనబడు పిడియు పలకయు మాత్రము ఇల్లు పూర్తియగునపుడు బిగింతురు. ఏ కంపెనీ ఒడలు గోడలోనికి పోయెనో సాధారణముగా ఆ కంపెనీ పిడియే దానికమరును. వేరొకటి కావలెనన్న టైల్సు పగులగొట్టి గోడ త్రవ్వవలసినదే. కావున బాత్రూము సామానునకు నిజమైన ముహూర్తము టైల్సు వేయునాడు కాదు, ప్లంబరు గోడలో గాడి కొట్టించునాడు. ఆ దినము ఎట్లు తెలియును? స్లాబు క్రింద ఊతముగా నిలిపిన బల్లీలను చూడుడు. నాలుగున్నర మీటర్లలోపు స్లాబునకు ఊతములు కనీసము 7 దినములు, అంతకు మించినదానికి 14 దినములు ఉంచవలెనని భారతీయ ప్రమాణము. మా మేస్త్రీలు మరికొన్నాళ్లు ఉంచుదురు. బల్లీలు తీసి, ఇటుకపని లేచి, ప్లాస్టరు ఇంకను పడని ఆ కొద్దిపాటి వ్యవధిలో మెట్లెక్కినవానికే అమ్మకము దక్కును.

ఆన్‌లైను అనుమతులు వచ్చిన పిమ్మట ఈ లెక్క మరింత చిక్కుపడినది. తెలంగాణలో 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టముచేత 75 చదరపు గజములలోపు స్థలమున కట్టు చిన్న ఇంటికి ఒక రూపాయి నమోదే చాలును; 500 చదరపు మీటర్లలోపు స్థలమున 10 మీటర్ల ఎత్తులోపు కట్టడమునకు స్వీయ ధ్రువీకరణముతో తక్షణముగా అనుమతి లభించుచున్నది. ప్రజలకిది మహోపకారము, సందేహము లేదు. కాని పూర్వము నెలల తరబడి కార్యాలయముల చుట్టు తిరిగి అనుమతి తెచ్చుకొన్నవాడు ఇల్లు కట్టియే తీరునని నమ్మగలిగెడివారము. ఇప్పుడు బ్యాంకు ఋణమునకు కాగితము కావలెననియో, రేటు పెరుగకముందే చేసి పెట్టుకొందమనియో తీసికొనువారును ఆ పట్టికలో పక్కపక్కనే యుందురు.

ఇక మా సోనారి. సువర్ణరేఖయు ఖర్కయీయు కలియు దోముహానీ ఒడ్డున నున్న యీ పేటలో పట్టికకు ఒక కన్ను లేదు. పౌరవ్యవహారములు నోటిఫైడ్ ఏరియా కమిటీవి; నేలలో మిక్కిలి భాగము టాటా కంపెనీ లీజుది. 2005లో ఆ లీజును పునరుద్ధరించినపుడు 86 బస్తీలను దాని వెలుపల నుంచిరి. ఆ బస్తీల జనులు నేటికిని యాజమాన్యహక్కు కోరుచునే, నక్షా మాట యెత్తకయే, ఒక్కొక్క గది చొప్పున పైకి కట్టుకొనుచున్నారు. వారు కొను టైల్సు తక్కువేమియు కాదు. వారిని ఏ జాబితాయు చూపదు. వీథి మొగలో పోసిన గిట్టీ (కంకర) కుప్పయు, కాగల్‌నగర్ బజారులో ఇసుక ట్రాక్టరువాని నోటి మాటయు మాత్రమే చూపును.

ఈ ఊరికే చెల్లిన గుర్తు మరియొకటి కలదు. కంపెనీ క్వార్టరులో కాపురమున్నవాడు ఉద్యోగవిరమణము కాగానే దానిని విడువవలెను. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములనుండి తాతలనాడు వచ్చి ఫర్నేసుల వేడిలో ఎముకలు గట్టిపరచుకొన్న మన కుటుంబములలో, ఇల్లు కట్టు ఆలోచన ఆ తేదికి రెండు మూడేండ్ల ముందు మొలకెత్తును: ఇక్కడనా, ఊరిలోనా? బిష్టుపురము రామమందిరములో కళ్యాణము చూడవచ్చినవారు పందిరి క్రింద మాటలాడుకొను విషయములలో సగమిదే. అర్జీ పెట్టకమునుపే పుట్టు ఈ లీడు ఏ ప్రభుత్వ గడిలోను ఇమడదు.

పంచాంగమును పట్టికకు జోడింపని వ్యాపారి ఇక్కడ నెగ్గజాలడు. డిసెంబరు నడుమనుండి సంక్రాంతి వరకు ఖర్మాస్. ఇక్కడివారు శంకుస్థాపన చేయరు. మనవారికి ఆషాఢము, శూన్యమాసము పనికిరావు. ఛఠ్ పండుగకు బీహారు కూలీలు ఊరికి పోయినచో పని తిరిగి సాగుటకు కొన్నాళ్లు పట్టును. అక్టోబరులో మంజూరైన నక్షాకు పునాది నవంబరులోనా, సంక్రాంతి వెళ్లిన తరువాతనా అనునది ఇంజనీరుకంటె పురోహితునికి బాగుగా తెలియును.

ఆ పట్టికలో ఒక్క గడినే యుంచుకొమ్మన్నచో నేను ఆర్కిటెక్టు పేరును ఉంచుకొందును. యజమాని ఒక్కమారు కట్టును. నక్షా గీయువాడు ఏటేట గీయును. పేర్ల వరుసన సర్దినపుడు చెదరియున్న ఇండ్లన్నియు కొన్ని బల్లల చుట్టు చేరును. ఆ బల్లలయొద్ద కేటలాగు పెట్టి టీ త్రాగివచ్చుట, అపరిచితులకు దినమెల్ల ఫోను చేయుటకంటె గౌరవప్రదమైన పని, లాభదాయకమును.

గౌరవప్రసంగము వచ్చినది గనుక ఒక మాట. చట్టముననుసరించి బహిరంగపరచిన వ్యక్తిగత వివరములకు 2023 నాటి సమాచార రక్షణ చట్టము వర్తింపదు. కావున చదువుట నేరము కాదు. అయినను 1909కు ఫోను చేసి వ్యాపారుల పిలుపులు వద్దని నమోదు చేసికొన్నవానిని పిలుచుట తగదు. ఇటీవల ఆదర్శనగర్ దాపున ఒక పెద్దాయన నన్ను గుమ్మములోనే నిలిపి, "నా నంబరు మీకెవరిచ్చారు బాబూ?" అని అడిగెను. "నంబరు లేదండీ, దారిన పోతూ బల్లీలు తీయడం చూసి వచ్చాను" అంటిని. "అయితే లోపలికి రా, మేస్త్రీ పైన ఉన్నాడు" అనెను.

ఈ వారము నా వరుసలో మొదట నున్నది ఆయన రెండంతస్తుల ఇల్లే. నదివైపు లేచుచున్న పెద్ద అపార్ట్‌మెంటు, మా మేనేజరు ఎఱ్ఱసిరాతో చుట్టినది, ఆరవదిగా నున్నది. దానికి ఇంకను రెండవ స్లాబే పడలేదు, పైగా దాని కొనుగోళ్లు చూచునాతడు ఛఠ్ దాటువరకు ఎవరిని రానీయడు. పెద్దాయన ఇంట మూడు బాత్రూములు. ప్లంబరు మంగళవారము గాడి కొట్టింపబోవుచున్నాడు. డైవర్టర్లు సోమవారము సాయంకాలమునకే అక్కడకు చేరవలెను.